ఇసుక మీద మకాం

పొరుగూరు వెళ్లి రాత్రి అక్కడే వుండిపోవలసి వస్తే మన పెద్దలకు మూడు దారులుండేవి. చుట్టాల ఇల్లు, సత్రం, చెట్టుకింద మకాం. మొదటిదానికి మర్నాడు మనమూ వాళ్లను మన ఇంటికి పిలవాలి. రెండోదానికి ధర్మకర్తగారి దయ వుండాలి. మూడోదానికి ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు, ఎవరినీ అడగనక్కరలేదు. తరవాత హోటళ్లు వచ్చినాయి. వాటితో సత్రాలు పోయినాయి, చుట్టరికాలు పలచబడ్డాయి. చెట్టుకింద మకాం సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. డబ్బు చేతులు మారని వ్యవహారాన్ని గురించి ఎవరు మాత్రం ఎందుకు మాట్లాడతారు! ఈ వారం మనం మాట్లాడుకుందాం.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడితో మొన్న ఫోనులో ఈ ప్రసంగం వచ్చింది.

“శని ఆదివారాల్లో ఏం చేస్తూ వుంటారురా?” అన్నాను.

“ఊరు దాటి ఎడారిలోకి పోయి డేరా వేసుకుంటాం, మామయ్యా. పిల్లలకు సరదా.”

“అద్దె ఎంత?”

“అద్దేమిటి మామయ్యా! గవర్నమెంటు నేల. ఊరికే పడుకోవచ్చు.”

“ఊరికే అయితే ఇంక జనం అక్కడే ఇళ్లు కట్టుకుని కూర్చోరూ?”

“కూర్చోనివ్వరు. పధ్నాలుగు రోజులు. ఆ తరవాత బిచాణా ఎత్తెయ్యాలి.”

ఆ పధ్నాలుగు రోజుల మాట నన్ను పట్టుకుంది. విచారిస్తే సంగతి ఇది. అక్కడ పశ్చిమ రాష్ట్రాల్లో బీడు భూములను చూడడానికి 1946లో ఒక ప్రత్యేక శాఖను పెట్టారు. దాని చేతికింద ఇప్పుడు సుమారు 24 కోట్ల 50 లక్షల ఎకరాల నేల వున్నది. వద్దని బోర్డు పెట్టిన చోట్లు తప్ప తక్కినచోట్ల ఎవరైనా డేరా వేసుకోవచ్చు. సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులకు మించి ఒకే చోట వుండకూడదు. గడువు కాగానే దూరంగా మరోచోటికి తరలిపోవాలి. అక్కడ కుళాయి వుండదు, దీపం వుండదు, మరుగుదొడ్డి వుండదు. తెచ్చుకున్న నీళ్లే తాగాలి. చేసిన చెత్తను మూటగట్టి వెనక్కు తీసుకుపోవాలి. ఎండినవాగు మెత్తగా వుందిగదా అని అందులో డేరా వేయకూడదు. ఎక్కడో కొండలమీద వాన పడితే ఇక్కడ చుక్క పడకుండానే వాగు ఉరికి వస్తుంది. అంటే, నేల ఊరికే ఇచ్చారుగాని బుద్ధి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నమాట.

స్వీడను దేశంలో మరో రకం. అక్కడ ఇతరుల భూమిలోనైనా సరే, ఇంటికి దూరంగా, పంటకు నష్టం లేకుండా, ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకునే హక్కు జనానికి ఆచారంగా వస్తున్నది.

* * *

మన డెల్టాలో ఎడారి ఎక్కడుందని మీరు అడగవచ్చు. గుడివాడ నుంచి రైల్లో బందరు వస్తూంటే రెండువైపులా వరిచేలే. కాలవలు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు. అంగుళం నేల ఖాళీగా కనబడదు. కాని బందరు దాటి సముద్రం వైపు వెళ్లండి. చేలు పలచబడతాయి. నేల తెల్లగా పూత పూసినట్టుంటుంది. దాన్ని చవుడు అంటారు. అది ఇంకా విశాలమై, గడ్డి కూడా సరిగా మొలవని బయలు అయితే పర్ర అంటారు. పర్ర దాటితే ఉప్పుటేళ్లు, మడ అడవులు, ఇసుక తిప్పలు, ఆపైన సముద్రం. దివిసీమలో కోడూరు, నాగాయలంక దాటినా ఇదే వరస. మనకున్న ఎడారి అదే. దానికి పేరు పోరంబోకు.

మన జిల్లాలో ఊరికే మకాం వేసేవాళ్లు ఎప్పుడూ వున్నారు. కోతలు అయ్యాక గుడివాడ ప్రాంతపు చేలలో బాతుల మందలు దిగుతాయి. వాటి వెంట వచ్చినవాళ్లు గట్టుమీద చిన్న గుడారం వేసుకుని, రాత్రికి బాతులను వలచుట్టులో పెట్టి, రాలిన గింజ అయిపోగానే ముందుకు సాగుతారు. గొర్రెలవాళ్ల సంగతి ఇంకా తమాషా. వాళ్లు చేలో మంద కట్టి రాత్రి పడుకుంటే రైతే వాళ్లకు ధాన్యమో డబ్బో ఇస్తాడు, ఎరువు దొరుకుతుంది గనక. పడుకున్నందుకు ఎదురు డబ్బు ఇచ్చే హోటలు ప్రపంచంలో మరెక్కడైనా వుంటే నాకు చెప్పండి.

ఇక యాత్రికులు. కృష్ణ సముద్రంలో కలిసేచోట హంసలదీవి వుంది. అక్కడ మునిగిన కాకి హంసగా మారిందని పెద్దలు చెప్పే కథవల్ల ఆ పేరు వచ్చిందంటారు. వేణుగోపాలస్వామి ఆలయానికి మాఘపౌర్ణమినాటి ఉత్సవాలకు జనం వేలసంఖ్యలో వస్తారు, సంగమ స్నానం చేస్తారు. పూర్వం గూడుబళ్లలో వచ్చేవారు. బండి కింద చాప పరిచి, ఎడ్లను కాడికి కట్టి, గాలికి పొయ్యి ఆరిపోకుండా ఇసుకలో గాడిపొయ్యి తవ్వి అన్నం వండుకుని, అక్కడే పడుకుని, తెల్లవారుజామున స్నానాలు చేసేవారు. ఇప్పుడు బళ్ల స్థానంలో ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు వచ్చినాయి. బందరుకు పదకొండు కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి తీరానికి కార్తీక పౌర్ణమినాడు ఇలాగే జనప్రవాహం. పడుకునేవాళ్లు తగ్గారు. కాని పడుకునే ఆచారం పోలేదు.

* * *

ఆ నేల ఎవరిది? మన దేశంలో ఫలానాచోట డేరా వేసుకునే హక్కు వుందని చెప్పే చట్టం లేదు. కాని నేల ఎవరిదో చెప్పే చట్టం వుంది. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టమే ఇప్పటికీ మనకు ఆధారం. బాటలు, నదులు, ఏళ్లు, సముద్రపు పోటు నీరు ఎక్కేగీతకు దిగువ వున్న నేల, ఇవన్నీ మరొకరి హక్కు రుజువైనచోట తప్ప ప్రభుత్వానివే అని అది ప్రకటించింది. ఆ చట్టం ప్రకారం శిస్తు కట్టించుకుంటూ ఇచ్చే కాగితాన్నే మనవాళ్లు బీ మెమో అంటారు.

ప్రభుత్వానిది అంటే ప్రభుత్వం ఇష్టంవచ్చినట్టు చేసుకోవచ్చునా అనేది తరవాతి ప్రశ్న. దానికి 1996 డిసెంబరు 13న సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. అది హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున కట్టిన ఒక విడిది హోటలు తాలూకు వ్యాజ్యం. నదులు, సముద్రతీరాలు, అడవులు ప్రజలందరి అనుభవం కోసం వున్నవి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని ఆ తీర్పు సారం. సరిగ్గా రెండురోజుల ముందు, డిసెంబరు 11న, అదే కోర్టు తీరంలో పోటుగీతకు 500 మీటర్లలోపు వున్న రొయ్యల చెరువులను తీసివేయమన్నది. ఆ తీర్పుకు ఆధారం 1991లో వచ్చిన తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు. తరవాత 2005లో తీరప్రాంత చెరువుల సాగుకు వేరే చట్టం చేసి అనుమతుల పద్ధతి ఏర్పాటు చేశారు. చెరువులు మాత్రం పర్రలో పెరుగుతూనే వచ్చినాయి. నిన్న పశువులు మేసిన బయలు చుట్టూ ఇవాళ గట్టు, గట్టుమీద కాపలాదారు, కాపలాదారు పక్కన కుక్క. మంగినపూడి పక్కన తపసిపూడి దగ్గర 2023లో రేవు పనులు మొదలైనాయి. బందరువాళ్లు తరతరాలుగా ఎదురుచూసిన రేవు. అది కావలసిందే. ఆ కంచెల అవతల జనానికి మిగిలే ఇసుక ఎంతో కూడా ఒకరు కొలతవేసి పటం గీసి వుంచాలిగదా అంటాను.

* * *

ఇప్పుడు మకాం వేసేవారికి పనికివచ్చే నాలుగు ముక్కలు.

మొదటిది మంచినీరు. సముద్రం ఒడ్డున ఇసుకలో తియ్యనినీరు వుంటుందంటే పట్నవాసులు నమ్మరు. మన తీరపు రైతులకు అది చిన్ననాటినుంచీ తెలుసు. ఇసుకమేటలో లోతులేని గుంట తవ్వి నీరు తోడుకుంటారు. దాన్ని దొరువు అంటారు. వానకు పడిన నీరు ఇసుకలో ఇంకి, కింది ఉప్పునీటిమీద తేలుతుంది. ఉప్పునీరు వెయ్యికి పాతిక పాళ్లు బరువు ఎక్కువ. ఆ తేడాయే తియ్యనీటిని పైన నిలబెడుతుంది. సముద్రమట్టానికి ఒక అడుగు పైకి తియ్యనీరు నిలిస్తే, లెక్క ప్రకారం దాదాపు నలభై అడుగులు కిందికి కూడా తియ్యనీరే వుంటుందంటారు శాస్త్రజ్ఞులు. కాబట్టి సూత్రం ఏమిటంటే లోతు తవ్వకూడదు, ఎక్కువ తోడకూడదు. ఆశపడి మోటారు పెట్టి లాగితే కిందినుంచి ఉప్పునీరు ఎగదన్ని వస్తుంది. ఒకసారి ఉప్పెక్కితే మళ్లీ తియ్యబడడానికి ఎన్ని వానలు కావాలో! అందుచేత వెయ్యిమంది యాత్రికులకు దొరువులు ఆధారం కావు. అవి ఊరివాళ్లవి. మన నీళ్లు మనమే తీసుకుపోవాలి. ఆ గుంటల పరిసరాల్లో బహిర్భూమికి కూర్చోవడం పాపం అని వేరే చెప్పనక్కరలేదు.

రెండోది పోటు. మనవాళ్లు సముద్రస్నానానికి పౌర్ణమి, అమావాస్యలే ఎన్నుకుంటారు. ఆ రెండు రోజుల చుట్టూనే సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే గీటుమీద పడి పోటు హెచ్చుగా వుంటుంది. పోటుకూ పోటుకూ మధ్య పన్నెండున్నర గంటలకు కొంచెం తక్కువ. అంటే సాయంత్రం పాటువేళ చూసి, “ఆహా, ఎంత విశాలంగా వుంది!” అని పరుపులు పరిచిన చోటుకు రాత్రి నిద్రవేళ నీరు వస్తుంది. ఒడ్డున ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు వరసగా పడివున్న గీత కనబడుతుంది. అది సముద్రం తాను ఎంతవరకు వస్తుందో రాసిపెట్టిన గుర్తు. దానికి బాగా ఎగువన పడుకోవాలి. సంగమం దగ్గర ఏటిపాయ కూడా తోడవుతుంది. అక్కడ కాళ్లకింది ఇసుక నిలకడ లేనిది. పిల్లలను చేయి వదలకూడదు.

మూడోది తుపాను. ఈ మాట నవ్వుతూ రాయలేను. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచితే సుమారు ముప్ఫైవేలమంది పోయారని లెక్క. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ. ప్రభుత్వలెక్కనుబట్టే పదివేలమంది వరకు. చుట్టూ ఎత్తైన నేల లేనిచోట నీరు గోడలా లేచివస్తే పరుగెత్తడానికి దిక్కు వుండదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. అదీ పౌర్ణమే. మన జిల్లా తీరంలో కూడా ప్రాణాలు పోయినాయి. ఇప్పుడు బందరులోనే వాతావరణశాఖవారి తుపాను రాడారు వుంది. హెచ్చరికలు రోజుల ముందే వస్తాయి. తీరగ్రామాల్లో తుపాను ఆశ్రయభవనాలు వున్నాయి. వచ్చిన చిక్కల్లా విన్నవాడు కదలకపోవడం దగ్గరే. కార్తీకం తుపాన్ల కాలంలో పడుతుంది. మాఘం అలా కాదు, ఆకాశం నిర్మలంగా వుంటుంది. రాత్రి ఇసుకమీద పడుకోవాలనే సరదా వున్నవారు కార్తీకంలో స్నానంచేసి ఇంటికి రండి, మాఘంలో పడుకోండి.

నాలుగోది, మనకంటే ముందునుంచీ అక్కడ మకాం వేస్తున్నవారు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఈ తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తీసి, గుడ్లుపెట్టి, తెల్లవారేలోపల వెళ్లిపోతాయి. ఒక్కొక్కటి నూరుగుడ్ల వరకు పెడుతుంది. నెలన్నర పైన పొదిగేది ఇసుక వేడిమే. బయటపడ్డ పిల్లలు వెలుగువైపు పాకుతాయి. సముద్రంమీది వెలుగును చూసి అటు పోవలసిన పిల్లలు, ఒడ్డున మన దీపం కాంతి ఎక్కువైతే ఇటు వచ్చి పొద్దెక్కేసరికి ఎండిపోతాయి. మాఘపౌర్ణమి సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. చుట్టూ మడ అడవులతో కలిపి సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర కృష్ణా అభయారణ్యం. అందులో చేపలు పట్టి తినే బావురుపిల్లి కూడా వుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు, మకాం వేయకూడదు, నిప్పు పెట్టకూడదు. అటవీశాఖవారిని అడిగి, వారు చూపినచోట మాత్రమే ఆగాలి. దానికి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. మనం ఒకరాత్రి అతిథులం, తాబేలు ఇంటిమనిషి.

* * *

ఇక్కడ నా మనసులో చాలాకాలంగా వున్న మాట ఒకటి చెబుతాను. కారులో వచ్చిన కుటుంబం ఊరిబయట రంగుల గుడారం వేస్తే దాన్ని విహారం అంటాం. ఫోటోలు తీస్తాం. అదే పోరంబోకులో గాడిదల మీద సామాను దింపుకుని చింకి గుడ్డల డేరా వేసిన కుటుంబాన్ని చూస్తే తలుపు గడియలు వేసుకుంటాం. ఎవరో ఒకరు ఠాణాకు కబురుచేస్తారు. నేల ఒకటే, ఆకాశం ఒకటే.

ఈ బుద్ధి మనకు ఊరికే రాలేదు. 1871లో ఇంగ్లీషువారు నేరస్థ జాతుల చట్టమని ఒకటి చేశారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. దాని ప్రకారం కొన్ని కులాల్లో పుట్టడమే నేరం. ఉప్పూ ధాన్యమూ ఎడ్లమీద వేసుకుని ఊరూరూ తిరిగే యెరుకలవారిని అలా పట్టికలో ఎక్కించారు. వాళ్లు పేర్లు నమోదు చేసుకోవాలి, హాజరు చెప్పాలి, చోటు మారాలంటే చీటీ కావాలి. రైలూ రోడ్డూ వచ్చి వాళ్ల వ్యాపారం పడిపోయిన తరవాత వచ్చిన శిక్ష ఇది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ చట్టంకింద సాల్వేషన్ ఆర్మీవారి ఆధ్వర్యంలో ఏర్పడిన స్థిరనివాసమే. 1952లో ఆ చట్టాన్ని రద్దుచేశారు. కాగితం మీద పోయింది. మన కళ్లలో ఇంకా కొంత మిగిలివుంది.

మరో మకాం కథ కూడా ఈ ఇసుకకు తెలుసు. 1930లో ఉప్పు సత్యాగ్రహానికి పట్టాభి సీతారామయ్యగారు వాలంటీర్లను వెంటబెట్టుకుని బందరు దగ్గర సముద్రతీరానికి వెళ్లి ఉప్పు వండారు, జైలుకు వెళ్లారు. సముద్రపు నీటిని కాచుకునే హక్కు ఎవరిది అన్నదే అప్పటి ప్రశ్న. ఆ ఒడ్డున ఒక రాత్రి తలవాల్చే హక్కు ఎవరెవరిది అన్నది దానికంటే చిన్నదేమీ కాదు.

* * *

కాబట్టి నేను కోరేది పెద్ద ఏర్పాటు కాదు. పాలరాతి మంటపాలూ వద్దు, అద్దాల హోటళ్లూ వద్దు. మంగినపూడి దగ్గర ఒకటి, హంసలదీవి ఊరి దగ్గర ఒకటి, అభయారణ్యానికి బయట, పోటుగీతకు ఎగువన, కొద్ది ఎకరాల పోరంబోకును సర్వేరాళ్లు నాటి మకాంబయలుగా వదలండి. ఎవరికీ కౌలుకు ఇవ్వవద్దు, ఎవరి పేరా పట్టా చేయవద్దు. ఒక నీళ్లట్యాంకు పెట్టండి. ఆడవాళ్లకు, మగవాళ్లకు విడివిడిగా మరుగుదొడ్లు కట్టండి. తిరునాళ్లకు కుటుంబంతో వెళ్లిన ప్రతి ఇల్లాలికీ ఈ ఒక్క వసతి లేక పడే బాధ తెలుసు. సాయంత్రం నుంచీ మంచినీళ్లు కూడా తాగకుండా తెల్లవారేదాకా కూర్చునే ఆడవాళ్లు ఎంతమందో! దీపాలు సముద్రంవైపు కాక ఊరివైపు తిప్పి, కిందికి వంచి పెట్టండి. తుపాను ఆశ్రయభవనానికి బాట ఎటో చూపుతూ పెద్ద అక్షరాలతో పలక రాయండి. గడువు కూడా పెట్టండి. అరిజోనాలో పధ్నాలుగు రోజులైతే మనకు మూడురాత్రులు చాలు. గడువు లేని ఉచితం ఆర్నెల్లు తిరిగేసరికి ఎవరో ఒకరి కొట్టుగా మారుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఒకటి. ఆ బయల్లో కారుకు ఎంత హక్కో గాడిదకూ అంతే హక్కు అని ఆ పలకమీదే రాయాలి.

ఇది జరిగేలోపల మాఘపౌర్ణమికి వెళ్లేవారు మనిషికి నాలుగైదు లీటర్ల మంచినీళ్లు, చాపలు, రెండు గోనెసంచులు తీసుకువెళ్లండి. ఒక సంచి సామానుకు, రెండోది తిరిగి తెచ్చే చెత్తకు. ఉదయం స్నానాలు కాగానే గాడిపొయ్యి పూడ్చి, నిప్పుమీద నీళ్లు చల్లి, చల్లారిందో లేదో చేత్తో తడిమి చూసి, అప్పుడు బయలుదేరండి.